దానయ్యను చివరిసారి చూసినవారు

"మన తాలూకా పరాక్రమం దేశచరిత్రకెక్కబోతోంది!" అని సమితి ప్రెసిడెంటు భావనారాయణ గారు ప్రకటించారు. విలేఖరిని కనుక వెంటనే పేపరుకు పంపాను.

అరవై ఐదు యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. పోరాడిన జవాన్లను కలిసి, జరిగింది జరిగినట్టు టేపురికార్డరులో పట్టే కెప్టెన్ గారొకరు చీరాల వచ్చారు. ఆయనకు కావలసింది ఒక కాలు పోగొట్టుకుని ఇల్లు చేరిన జక్రయ్య. పక్కనే షెల్లు పడి తోటి జవాను దానయ్య పోవడం చూసినవాడు అతనొక్కడే. శవం దొరకలేదు. మిలిటరీ వారు 'ఆచూకీ లేదు' అని రాసుకున్నారు. ఊళ్లోవాళ్లు పారిపోయాడన్నారు. ఆ మాట పడలేక తల్లి ప్రేమమ్మ చర్చికి పోవడం కూడా మానేసింది. జక్రయ్య చెప్పేది సర్కారు టేపుకెక్కితే చాలునని ఆమె ఆశ.

ఏదో ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటామన్నారు కెప్టెన్ గారు. ఎంత అమాయకుడు! చరిత్ర అన్నాక సభ ఉండొద్దూ? మిరపకాయల కల్లంలో పందిరి వేయించారు. ముఖ్య అతిథులతో కుర్చీలు నిండిపోయి జక్రయ్య కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. మిరప ఘాటుకు కెప్టెన్ గారి కళ్లలో నీళ్లు తిరిగితే, ఆ దేశభక్తిని ప్రెసిడెంటు గారు మైకులో మెచ్చుకున్నారు.

కెప్టెన్ గారు టేపు తిప్పి అడిగారు. "దానయ్యను చివరిసారి చూసిందెవరు?"

జక్రయ్య నోరు తెరిచేలోపే మైకు ప్రెసిడెంటు గారు అందుకున్నారు.

"నేనేనండీ! చీరాల స్టేషన్లో స్వయంగా రైలెక్కించాను!"

"అది కాదండీ, యుద్ధంలో..."

"అక్కడికే వస్తున్నా."

వచ్చారు. పలనాటి వీరుల మీదుగా, సమితి తవ్వించిన బావుల మీదుగా. సరిహద్దు చేరకముందే టేపు అయిపోయింది. మిగతా రీళ్లు ఒంగోలు సభలోనే అయిపోయాయట.

"అయ్యా, నేను చెప్పాల్సింది..." అన్నాడు జక్రయ్య.

"నువ్వు వందన సమర్పణ చెయ్యరా."

"పోనీ, కాగితం మీద రాసుకుంటాను," అన్నారు కెప్టెన్ గారు.

"మెయిలు బండి తప్పిపోతుంది సార్!" అంటూ శాలువా కప్పి జీపెక్కించారు.

ఢిల్లీలో ఆ టేపును శ్రద్ధగానే విన్నారు. వానలు పడగానే మిలిటరీ పోలీసులు దిగారు. ఇల్లు చూపించింది ప్రెసిడెంటు గారే.

"నీ కొడుకు చివరిసారి కనబడింది చీరాల స్టేషన్లోనని సాక్ష్యం ఉంది. ఎక్కడ దాచావ్?" అని గింజల కుండలు కూడా బోర్లించారు. జక్రయ్య అడ్డం పోతే, స్నేహితుడి మాట చెల్లదన్నారు.

ప్రేమమ్మ వాళ్ల కాళ్లు పట్టుకుంది. "నా బిడ్డ చచ్చిపోయాడు బాబూ! నమ్మండి!"

ప్రెసిడెంటు గారు ధైర్యం చెప్పారు.

"ఊరుకో ప్రేమమ్మా. ఎక్కడున్నా వాణ్ణి పట్టించే పూచీ నాది."