ఫౌంటెన్ పక్క టేబుల్ మీద నేరం

మావారితో నాకున్న ఇబ్బంది ఒక్కటే: ఆయన దేన్నీ పోగొట్టుకోరు. కళ్ళజోడు కనబడకపోతే ఎవరో దాన్ని తరలించినట్టు. రిమోట్ కనబడకపోతే దాని వెనక ఒక హస్తం ఉన్నట్టు. వృత్తిరీత్యా చక్రధర్ గారు సింగపూర్‌లో, రిఫైనరీలుండే జురాంగ్ ఐలాండ్‌లో సేఫ్టీ ఇంజనీరు. అక్కడ పైపు కారితే ఎందుకు కారిందో తేల్చడం ఆయన ఉద్యోగం. ఇంట్లో అన్ని పైపులు ఉండవు కాబట్టి మా మీద పడతారు.

"రాధా, నా మెదడు ఒక మారణాయుధం," అని స్పెయిన్ వెళ్ళే విమానంలో ప్రకటించారు. "సెలవుల్లో కూడా దానికి విశ్రాంతి లేదు."

"ముందు బెల్టు పెట్టుకోండి," అన్నాను.

గ్రనాడాలో మేం దిగింది ఎనిమిది గదుల చిన్న హోటల్. చిన్నదంటే చవకది కాదు. మన మండువా లోగిలి లాంటి పాతకాలపు ఇల్లు. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ నీలం పలకలు, కుండీల్లో నారింజ చెట్లు. సింగపూర్‌లో యూ టీ అనే పేటలోని మా ఫ్లాటు మొత్తం వాళ్ళ మెట్ల కింద పట్టేస్తుంది. హోటల్ నడిపే పిలార్ గారు దిండు మీద ముడత కనిపిస్తే బాధపడే ఆవిడ.

నేను మాత్రం దిండ్ల కోసం రాలేదు. డిగ్రీలో చరిత్ర పుస్తకంలో తపాలాబిళ్ళంత బొమ్మగా చూసిన అల్‌హంబ్రా కోట ఎదుటి కొండ మీద ఉంది. టిక్కెట్లు నెలల ముందే కొన్నాం. చివరి రోజు ఉదయం పదిన్నరకి ప్రవేశం. ఆలస్యమైతే రానివ్వరు, పాస్‌పోర్టు చూపకపోయినా రానివ్వరు.

నేరం మొదటి ఉదయమే జరిగింది. సింగపూర్‌లో తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి వెళ్తే, మనం ప్లేటు తెచ్చుకునేదాకా ఆ టేబుల్ మనదే. చోప్ చేయడం అంటారు. ఏ చట్టంలోనూ లేదు కాబట్టే అందరూ పాటిస్తారు. మావారు అదే ధీమాతో ఫౌంటెన్ పక్క టేబుల్ మీద ప్యాకెట్ పెట్టి నన్నూ మా అమ్మాయినీ పిలవడానికి పైకొచ్చారు. దిగేసరికి ప్యాకెట్ లేదు. ఆ కుర్చీలో ఒక జర్మన్ పెద్దాయన కూర్చుని గుడ్డు పెంకు ఒలుస్తున్నారు.

మర్నాడు గొడుగు పెట్టారు. గొడుగూ మాయం. అదే జర్మన్, ఇంకో గుడ్డు.

"ముఠా," అన్నారు మావారు.

"డాడీ, జస్ట్ ఆస్క్ ద ఆంటీ లా," అంది మా అమ్మాయి ఉజ్వల తన సింగపూర్ ఇంగ్లీషులో, ఫోన్లోంచి తలెత్తకుండా.

"అడిగితే నేరస్థుడు జాగ్రత్తపడతాడు. ఈ క్షణం నుంచి హోటల్లో ఎవరితోనూ మాట్లాడొద్దు."

పిలార్ గారు రెండుసార్లు నవ్వుతూ మా వైపు వచ్చారు. రెండుసార్లూ ఆయన నా మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించేశారు.

"చూశావా, కూపీ లాగుతోంది."

"గుడ్ మార్నింగ్ చెప్పడానికి వస్తోందండీ."

"అలాగే మొదలెడతారు."

చివరి రోజు ఎర వేశారు. మా దగ్గర ఒకేలాంటి జిప్ పౌచ్‌లు రెండున్నాయి. ఒకదాంట్లో పాస్‌పోర్టులు, టిక్కెట్లు. రెండోదాంట్లో ఆయన పిజ్జా షాపుల కాగితాలు కుక్కి, తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టి, పై వసారాలో స్తంభం వెనక నక్కారు. తుమ్ము వచ్చింది. తుమ్మి చూసేసరికి పౌచ్ లేదు, ఆ కుర్చీలో అదే జర్మన్.

"మింగాడు," అని చేతులు రుద్దుకున్నారు. "ఎర మింగేశాడు."

నేను అనుమానంగా నా హ్యాండ్‌బ్యాగులోని పౌచ్ తెరిచాను.

"ఏవండీ, ఇందులో పిజ్జాలున్నాయి."

అంటే ఆయన ఎరగా పెట్టొచ్చింది పాస్‌పోర్టుల పౌచ్. ఆయన గొంతు తగ్గించి, "అయితే ఇది అంతర్జాతీయ కేసు," అన్నారు.

తొమ్మిదిన్నర దాటింది. నేను కిందికెళ్ళి అడుగుతానన్నాను. ఆయన మెట్లకి అడ్డం నిలబడ్డారు.

"పది నిమిషాలివ్వు, రాధా. వాడి చేత కళ్ళతోనే నేరం ఒప్పిస్తాను."

"పదిన్నరకి నేను ఆ కోటలో లేకపోతే, మీరు సింగపూర్ దాకా నా కళ్ళే చూడాల్సి వస్తుంది."

ఆయన దిగి వెళ్ళి నారింజ కుండీల వెనక ఒంగి నడుస్తూ జర్మన్‌ని వెంబడించారు. జర్మన్ గుడ్డు ముగించి, మూతి తుడుచుకుని, లేచి నిలబడ్డారు. చాలా పొడుగు మనిషి. శత్రువుకి వెన్ను చూపకూడదు కాబట్టి మావారు అతన్నే చూస్తూ వెనక్కి అడుగులేశారు. ఫౌంటెన్ మాత్రం ఉన్నచోటే ఉంది.

చప్పుడు ఎనిమిది గదులకీ వినిపించింది. కాలరు పట్టుకుని పైకి లాగింది ఆ జర్మన్ పెద్దాయనే. పిలార్ గారు పరుగున వెళ్ళి తువ్వాళ్ళ కోసం మెట్ల కింద బీరువా బార్లా తెరిచారు. పై అరలో ఒక వెదురు బుట్ట. అందులో టిష్యూ ప్యాకెట్, గొడుగు, పౌచ్. బుట్టకి పట్టు రిబ్బనుతో మా గది నంబరు కట్టి ఉంది.

"రోజూ టేబుల్ మీద ఏదో ఒకటి మరిచిపోతున్నారు," అందావిడ ఇంగ్లీషులో, నొచ్చుకుంటూ. "చెబుదామని వస్తే పైకి పరిగెడుతున్నారు."

"చూశావా," అన్నారు మావారు నీళ్ళు ఓడుతూ. "పడ్డాను కాబట్టే బీరువా తెరుచుకుంది. ఇదీ పద్ధతంటే."

నేను బుట్టలోంచి పౌచ్ తీసుకుని బయటికి నడిచాను. టాక్సీ అతను మావారిని, తన సీట్లను మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. కొండంతా నడిచే ఎక్కాం. గేటు దగ్గర క్యూలో మా ముందు రెండు కుటుంబాలు మిగిలాయి. పదిన్నర కావడానికి ఇంకొంచెం ఉంది. నేను అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన బూట్లు మాత్రం అడుగడుక్కీ మాట్లాడుతున్నాయి.

"రాధా."

నేను కోట గోడ చూస్తున్నాను.

"మొదటి రోజే అడిగుంటే అయిపోయేది. తప్పు నాదే."

"ఏమన్నారు?"

"అదే, తప్పు నాదే అని."

"నీళ్ళు పోయింది మీ చెవుల్లోకి. వినబడనిది నాకు."

ఉజ్వల మొదటిసారి ఫోను పైకెత్తి ఆయన వైపు తిప్పింది. "డాడీ, వన్స్ మోర్. లౌడర్, కెన్?"

ఆయన క్యూ ముందుకీ వెనక్కీ చూశారు. తప్పించుకునే దారి లేదు.

"తప్పు నాదే," అన్నారు, టిక్కెట్లు చూసే అతను కూడా తలెత్తేంత గట్టిగా.