అధ్యక్షులవారి సీసా

"ప్రసాదంలో ఉన్నది పంచదార కాదు, పరమాత్మ!"

మా మారేడ్‌పల్లి భజన మండలి అధ్యక్షులు రామ్మోహనరావుగారు ఇలా సెలవిచ్చి, రెండో దొన్నె చక్కెరపొంగలి అందుకున్నారు. ఆయనకు షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. భక్తికి జడిసి అది పారిపోయిందని ఆయనే ప్రకటించారు. షుగరును అడిగినవాళ్లు లేరు!

ఆ ఆదివారం గుడి హాల్లో ఆయనే ఉచిత మూత్రపరీక్షలు పెట్టించారు. షుగరున్నవాళ్ల మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తి ఎక్కువగా పోతుంటే కిడ్నీలు దెబ్బతింటున్నట్టేనట. ఒంటికి ఏ బాధా తెలియకముందే ఆ సంగతి బయటపడుతుందట. భక్తి అంత బాగా పనిచేస్తుంటే ఈ పరీక్షెందుకని నాకు సందేహం వచ్చింది. అడగడం అపచారమేమోనని ఊరుకున్నాను.

మొదటి సీసా అధ్యక్షులవారిదే!

"గుడి ఆవరణలో ఆ పనా? శివశివా!" అంటూ ఇంటికి వెళ్లి, సీసాను పసుపుగుడ్డలో చుట్టి మరీ తెచ్చారు.

సాయంత్రం పరీక్షలు చేస్తున్న డాక్టర్ కల్పలత ఆయన దగ్గరకు వచ్చింది.

"సార్, జెర లోపలికొస్తరా?"

"ఎందుకమ్మా? మైకులోనే చెప్పండి. భక్తి మహిమ అందరూ వినాలి!"

"వద్దు సార్..."

"చెప్పండమ్మా!" అంటూ మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

"ఆల్బుమిన్ మస్తు పోతున్నది సార్. కిడ్నీలకు తక్లీఫ్ షురూ అయినట్టుంది. ఇంకోసారి చూసి పక్కా చేసుకోవాలె. ఇప్పుడే మందులు వాడితే కాపాడుకోవచ్చు."

హాలంతా 'అయ్యో' అంది. అధ్యక్షులవారి ముఖం మాత్రం పున్నమి చంద్రుడిలా వెలిగింది!

"హమ్మయ్య! అది నాది కాదు!"

అనేశాక నాలుక కరుచుకున్నారు.

"మరెవరిది సార్?"

ప్రసాదం పంచుతున్న ఆయన భార్య కామేశ్వరమ్మగారు గరిటె కింద పెట్టారు. నీరసంగా ఉందంటే 'ఉపవాసాలు పెంచు' అనిపించుకున్న ఇల్లాలు ఆమె.

"నాదేనమ్మా. 'అర్ధాంగివి, ఎవరిదైతే ఏం? నువ్వివ్వు' అన్నారు పొద్దున."

"మీకు సుత షుగర్ ఉన్నదా అమ్మా?"

"ఏమో తల్లీ, ఎప్పుడూ చూపించలేదు. ఆయనకు తగ్గితే నాకూ తగ్గినట్టేనట. అర్ధాంగిని కదా!"

"గిట్లనా! కూసోండమ్మా, రక్తం సుత చూద్దాం."

కల్పలత సీసా మీద రామ్మోహనరావుగారి పేరు కొట్టేసి, కామేశ్వరమ్మ అని రాసింది. ఖాళీ సీసా ఒకటి అధ్యక్షులవారి చేతిలో పెట్టింది.

"ఈసారి మీదే ఇయ్యండి సార్!"

ఆయన ఆ సీసా పట్టుకుని, హాలంతా కలియజూసి, చివరకు నా వైపు దీనంగా చూశారు.

నేను కళ్లు మూసుకుని గోవిందనామాలు అందుకున్నాను.