నాలుగో ముద్దకు తుమ్ము

పొట్ట కోయించుకోండి! కువైట్‌లో కడుపున్న ప్రతివాడికీ ఈ బూ ధారి, అంటే నేను, ఇచ్చే సలహా ఇదే. ముక్కు ఉన్నది వాసన చూడ్డానికి కాదు, కడుపు నిండిందని చెప్పడానికని యాభై ఎనిమిదేళ్లు వచ్చాక గానీ నాకు తెలియలేదు.

అంతకుముందు నా కడుపు ఒట్టి అబద్ధాలకోరు. పొట్టేలు తొడ మొత్తం మింగి కూడా "ఇంతేనా?" అనేది. డాక్టరు దాన్ని అరటిపండంత చేసి కుట్టేశాక బుద్ధొచ్చింది. ఇప్పుడు నాలుగో ముద్ద దిగగానే తుమ్ము! ఐదో ముద్దకు ఎక్కిళ్లు. ఆరో ముద్ద సంగతి పత్రికల్లో రాయదగింది కాదు. ఇంత నిజాయతీపరుడు మన ఏ ఆఫీసులోనైనా ఉన్నాడా?

ఇక ఆకలంటారా, అది సెలవు పెట్టి పోయింది. గడియారం చూసి తినడమే. మధ్యాహ్నం చిరాకు పుడితే అది ఆకలో, మా తమ్ముడు జరాహ్ మొహమో తేల్చుకోవాలి. ఎక్కువసార్లు జరాహ్ మొహమే.

ఒక్క చిక్కుంది. శుక్రవారం నమాజయ్యాక మా చెల్లెలు మూదీ ఇంట్లో అందరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటాం. పెద్దవాడు లేస్తే అందరూ లేవాలి. ఆ పెద్దవాణ్ణి నేనే! ఆపరేషన్ తర్వాత మొదటి శుక్రవారం తుమ్మి లేచాను. మేనల్లుళ్లు పదిమందీ మచ్‌బూస్ అన్నం గుట్టను, పైనున్న మాంసాన్ని చూస్తూ చేతులు వెనక్కి తీసుకున్నారు.

"కాసేపు ఊరికే కూర్చోవచ్చుగా అన్నా!" అని గొణిగాడు జరాహ్.

"తినకుండా కూర్చుంటే వంట బాగాలేదని అర్థంరా. చెల్లెలి పరువు తీయమంటావా?"

రెండు వారాలు ఇదే తంతు. ఆ తర్వాత అద్భుతం జరిగింది! "ఎండ తగ్గాక మూడింటికి రా అన్నయ్యా" అని మూదీ ఫోన్ చేసేది. నేను తుమ్మి లేస్తే అందరూ నవ్వుతూ లేచేవారు. ఒక్కడూ మూతి ముడవడు! కోసింది ఒక్క కడుపు, బాగుపడింది పదకొండు! ఇంతకన్నా గొప్ప సర్జరీ ఉందా? ఒక్కడూ బక్కచిక్కలేదు గానీ, అది నీళ్ల మహిమ అనుకున్నాను.

మొన్న శుక్రవారం మసీదు మెట్లు దిగుతుంటే కడుపులో గుర్రుమంది. పక్కన జరాహ్ లేడు. అంటే ఇది ఆకలే! ఎనిమిది నెలల తర్వాత అసలు సిసలు ఆకలి! సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడింటిదాకా ఆగలేక ఒంటిగంటకే మూదీ ఇంటికెళ్లాను.

పళ్లెం సగం ఖాళీ. అందరి చేతులకూ నెయ్యి. నన్ను చూసి నోట్లో ముద్దలతోనే లేచి నిలబడ్డారు. పక్కన ఇంకో పళ్లెం తయారుగా ఉంది. అడుగున బోర్లించిన గిన్నె, దానిమీద పైపైన అన్నం, శిఖరాన మాంసం. అది మూడింటికి, నా ముందు పెట్టడానికి.

"నిన్ను చిన్నబుచ్చలేం, వాళ్ల కడుపు మాడ్చలేం. ఏం చెయ్యను అన్నయ్యా?" అంది మూదీ.

ఇన్ని నెలలుగా అందరి మధ్యా నేనొక్కణ్ణే భోంచేస్తున్నానన్నమాట! అందరినీ కూర్చోమని, అసలు పళ్లెంలో చెయ్యి పెట్టాను. నాలుగు ముద్దలు. అబ్బ, ఏం రుచి! అంతలో తుమ్మొచ్చింది. పదకొండు చేతులు గాల్లో ఆగిపోయాయి.

"లేచారంటే ఊరుకోను!" అన్నాను. "తినండర్రా. కడుపు నిండితే నిండింది, నాకింకా మీతో కూర్చోవాలనుంది."