మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఫైల్ సిస్టమ్

"ఇకమీదట కరెంటు పోవచ్చు గానీ, రైతు పొలం పోదు!" అని మంత్రి చెంచయ్యగారు ప్రకటించారు. ఇంత చల్లని మాట చెప్పిన మంత్రిని నా విలేఖరి బతుకులో చూడలేదు. మాటే కాదు, చోటూ చల్లనిదే. జిల్లా భూముల వివరాలన్నీ దాచే డిస్కుల బీరువాకి ఏసీ గది కావాలని ఇంజినీరు కరుణాకర్ అడిగితే, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీని మించిన ఏసీ ఏదయ్యా అని మంత్రిగారే అక్కడ పెట్టించారు. అందుకే సభలో చప్పట్లకంటే తుమ్ములెక్కువ.

ఫైల్ సిస్టమ్ ఎంపిక కూడా ఆయనదే. డిస్కుల్లో ఏది ఎక్కడ పెట్టాలో చూసుకునే ఏర్పాటును అలా అంటారట. కరుణాకర్ రెండు రకాలు చూపించాడు.

"ఇది పాత నకళ్లన్నీ దాస్తుందండి. పొలం నిన్న ఎవరిదో, మొన్న ఎవరిదో చూడొచ్చు."

"జరిగిపోయినవి తవ్వుకోవటం మన సంస్కారం కాదయ్యా. రెండోది?"

"పాతవి ఉంచదండి. కానీ చేయబోయే పని ముందే రాసిపెట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, రాగానే పూర్తి చేస్తుంది."

"ముందు చెప్పటం, తర్వాత చేయటం! అచ్చం మా పార్టీనే!" అని మంత్రిగారు పొంగిపోయి సంతకం పెట్టేశారు.

ప్రారంభోత్సవానికి ప్రత్తిపాడు నుంచి పున్నమ్మ అనే రైతును పిలిపించారు. తెరమీద ఆమె రెండెకరాల మిర్చి పొలం, పక్కనే ఆమె పేరూ పడ్డాయి.

"నాదేనయ్యా! మా ఆయన పోయాక పిల్లలకీ నాకూ అదొక్కటే ఆధారం" అని ఆమె తుమ్ముతూనే దణ్ణం పెట్టింది.

మంత్రిగారికి హుషారొచ్చింది. "ఇప్పుడు చూడండి తమాషా! తీసేయ్ కరెంటు!"

మూలన ఇంకో కంప్యూటరు ముందున్న ఆయన బామ్మర్ది కోటేష్ ఉలిక్కిపడి లేచాడు. "ఆగు బావా! ఇప్పుడే నొక్కాను, ఇంకా..."

"నోర్ముయ్యరా. తీసెయ్యమన్నానా!"

చీకటి. తుమ్ములు. మళ్లీ కరెంటొచ్చి తెర వెలిగింది. అదే పొలం, అవే రెండెకరాలు. పేరు మాత్రం కోటేష్‌ది.

"సగంలో ఆగిన పని పూర్తి చేసేసింది సార్!" అని కరుణాకర్ గంతేశాడు. ముందే చెప్పివుంచిన సిబ్బంది దడదడా చప్పట్లు కొట్టారు.

"ఇంకోసారి తీయ్," అన్నారు మంత్రిగారు, గొంతు తగ్గించి.

మళ్లీ చీకటి, మళ్లీ వెలుతురు, మళ్లీ కోటేష్.

"నా పేరొచ్చేదాకా తియ్యండయ్యా," అంది పున్నమ్మ. ఈసారి ఆమె కళ్లల్లో నీళ్లు మిరపకాయల వల్ల కాదు.

"ఎన్నిసార్లు తీసినా ఇదే వస్తుందమ్మా," అన్నాడు కరుణాకర్ గర్వంగా. "చెక్కుచెదరదు."