పిడుగు గారి ఫిర్యాదుల కౌంటరు

బాక్సింగులో మూడుసార్లు జాతీయ విజేతగా నిలిచిన పిడుగు గారిని, క్రీడారంగానికి ఆమె చేసిన సేవకు గుర్తింపుగా, నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. పదిహేనేళ్లు దెబ్బలు కాచుకున్న మనిషికి జనం తిట్లు ఒక లెక్కా అని పెద్ద అధికారి దూరదృష్టి.

ముక్కు రెండుచోట్ల విరగ్గొట్టి, ఎడమ కన్ను సగం మూసేసి, ఆ ఆటే ఆమెను ఇంటికి పంపింది. అయినా కొత్త ఉద్యోగమంటే ఆమెకు చిన్నపిల్లకున్నంత సంబరం. జనంతో నవ్వుతూ మాట్లాడాలని అద్దం ముందు సాధన చేసింది.

"నవ్వకే అక్కా, ఇంకా భయంగా ఉంది," అంది చెల్లెలు.

మొదటిరోజే ఒకావిడ ఖాళీ బిందెతో శివాలెత్తుతూ వచ్చింది. కౌంటరులో మనిషిని చూడగానే బిందెను వెనక దాచేసింది.

"చెప్పండి పిన్నిగారూ, ఏమైంది?"

"ఏమీ లేదమ్మా. వారం నుంచి నీళ్లు రావట్లేదు. అదీ ఒకందుకు మంచిదేలే, ఇల్లు పొడిగా ఉంటోంది."

నెల తిరిగేసరికి ఫిర్యాదులు సున్నాకు దిగాయి. కార్యాలయానికి ఉత్తమ సేవా పురస్కారం వచ్చింది. "ప్రజల కష్టాలను కూకటివేళ్లతో పెకలించాం," అని పెద్ద అధికారి గద్గద స్వరంతో ప్రసంగించారు.

పిడుగుకు మాత్రం ముద్ద దిగలేదు. బరిలో ఎదురు నిలిచినవాళ్లు కనీసం తిరిగి కొట్టేవారు. వీళ్లు నోరే విప్పరేం? ఒక ఆదివారం పిన్నిగారి వీధికి వెళ్లి, ఇంటింటా కుళాయి తిప్పి చూసింది. గాలి తప్ప చుక్క రాలేదు. నలభై ఇళ్ల గోడూ తన చేత్తోనే రాసి సోమవారం అధికారి బల్ల మీద పెట్టింది.

"ఏమ్మా, ఫిర్యాదులు తీసుకోమన్నామా, పుట్టించమన్నామా?" అన్నారాయన.

ఆ సాయంత్రమే ఆమె "స్వచ్ఛందంగా" పదవీ విరమణ చేసింది. పూలగుత్తి ఇచ్చారు. కుర్చీ ఖాళీ చేయించారు.

మర్నాడు ఆ కుర్చీలో తుమ్మితే ఎగిరిపోయే గుమస్తా ఒకాయన కనిపించేసరికి వీధి వీధంతా ధైర్యం తెచ్చుకుంది. నలభై ఇళ్లవాళ్లూ కలిసి సంతకాలు చేసి, ముందుగా పిన్నిగారి చేతే ఫిర్యాదు ఇప్పించారు: "ఇక్కడ ఒక భయంకరమైన మనిషిని కూర్చోబెట్టి మా నోళ్లు నొక్కారు. ఆమెను వెంటనే తొలగించాలి."

తొలగించేశామని అధికారి అక్కడికక్కడే జవాబు రాసిచ్చారు. ఆ కార్యాలయంలో ఇచ్చిన రోజే పరిష్కారమైన ఫిర్యాదు అదొక్కటే. న్యాయం గెలిచిందన్న ఆనందంలో నలభై ఇళ్లవాళ్లూ ఎండిన నాలుకలతోనే జేజేలు కొట్టుకుంటూ వెళ్లిపోయారు. నీళ్ల సంగతి అడగాలని ఎవరికీ గుర్తు రాలేదు.