చేప ఉమ్మేసిన మేత

ఆ రోజు కొర్నేలికి సెలవు. చేపలకి మేత వేసి, పవర్ హౌస్ బజారుకెళ్లి రొయ్యలు తెచ్చుకుందామనుకున్నాడు. స్టీలు ప్లాంటులో గ్యాసు పైపుల దగ్గర ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నవాడు కాబట్టి గాలిని కూడా అనుమానించకుండా పీల్చడు.

గాజుతొట్టిలో మేత గింజలు చల్లాడు. పెద్ద చేప ఒక గింజ నోట్లో వేసుకుని ఠక్కున ఉమ్మేసింది. మళ్లీ తీసుకుంది, మళ్లీ ఉమ్మేసింది. మిగతా నాలుగూ అదే పని. కొర్నేలి వంటింటివైపు కేకేశాడు.

"విమలా! తొట్లో నీళ్లెప్పుడు మార్చేవే?"

"ఇందాకే. కుళాయి నీళ్లే గదేటి?" అంది భార్య వంటింట్లోంచి.

"నీళ్లల్లో విషం కలిసిందే! ఎవలైనా తాగేరేటి?"

"ఏంజెలా బాటిల్ నింపుకుని కాలేజీకి ఎల్లిపోనాది. నేడు జువాలజీ వైవా పరీచ్చ గదా."

కూతురి ఫోన్ స్విచ్ఛాఫ్. గ్యాసు లీకైతే గాలికి అడ్డంగా పరుగెత్తమని ప్లాంటులో కొర్నేలికి నేర్పారు గానీ, నీళ్లకి ఎటు పరుగెత్తాలో ఎవరూ నేర్పలేదు. స్కూటరెక్కి, "కుళాయి నీళ్లు తాగొద్దు, విషం!" అని మెట్లమీద కూర్చున్న పక్కింటి సత్యవాణికి ఓ కేక వేసి పోయాడు. ఆ కేక క్వార్టర్స్‌లో మూడో బ్లాకు చేరేసరికి 'ఇద్దరు పిల్లలు స్పృహతప్పారంట' అయింది. జనం బిందెలు, బకెట్లు, ఉడుకుతున్న పప్పుతో సహా కాలవలో పారబోశారు.

"అరే భయ్యా, ఎగ్జామ్ చల్ రహా హై!" అని, పరీక్ష జరుగుతోందని ఆపబోయిన కాలేజీ వాచ్‌మన్‌ని తోసుకుని కొర్నేలి లోపలికి దూకాడు. ఎగ్జామినర్ రామచంద్రరావు ఎదుట ఏంజెలా బాటిల్ ఎత్తుతోంది.

"తాగకే తల్లీ! విషం!"

"సగం తాగేసాను డాడీ."

కొర్నేలి గోడకి చేరబడి ఏడ్చేశాడు. రామచంద్రరావు మెల్లగా పొట్టమీద చెయ్యి వేసుకున్నాడు. "ఇందాక నీ బాటిల్లోంచే నేనూ రెండు గుక్కలు తాగానమ్మా," అన్నాడు పీలగొంతుతో.

తండ్రి వెక్కుతూ చెప్పిందంతా ఏంజెలా విన్నది. "పానీ కాదు డాడీ, అందులో విషముంటే ముందు చేపలే చచ్చేవి. మేతే చేదు. ట్రౌట్‌లాంటి చేపలకి రుచిమొగ్గలు పెదాలమీద, నోట్లో, మొప్పల దగ్గర కూడా ఉంటాయి. నోట్లో పెట్టి చూసి, చేదైతే ఉమ్మేస్తాయి. తీపి పెద్దగా పట్టదు, రొయ్య రుచైతే వదలవు. మన చేపలూ అలాగే రుచి చూస్తాయి. మమ్మీకి ఫోన్ చెయ్యి."

"మేత డబ్బాలో ఏటేసేవే?" అని కొర్నేలి ఫోన్‌లో భార్యని అడిగాడు.

"పురుగడతాదని గుప్పెడు వేపాకు. బియ్యంలో ఎయ్యమేటి?"

రామచంద్రరావు పొట్టమీంచి చెయ్యి తీశాడు. "నేను అడగబోయిన ప్రశ్న కూడా అదే," అని పూర్తి మార్కులు వేశాడు. కొర్నేలి కూతుర్ని పట్టుకుని వదల్లేదు.

తండ్రీకూతుళ్లు ఇంటికొచ్చేసరికి ఎండ మండిపోతోంది. మూడు బ్లాకుల జనం ఖాళీ బిందెలతో మెట్లమీద కూర్చుని ఉన్నారు. కుళాయి మళ్లీ వచ్చేది మర్నాడు పొద్దున్నే.

"అన్నయ్యా, విషమేటయింది?" అంది సత్యవాణి.

పొద్దున్నుంచీ తాను గుక్కెడు నీళ్లు తాగలేదని కొర్నేలికి అప్పుడే గుర్తొచ్చింది.