చూడని పిట్టకు సన్మానం

కవిటి దాటాక వచ్చే దాలయ్య జీడితోటలో, వానాకాలం సాయంత్రాల్లో, అంతరించిపోతున్న పాటపిట్ట ఒకటి పాడుతుందని ఉద్దానమంతటికీ తెలుసు. దానిని చూసినవారు లేరు. నమ్మనివారు అసలే లేరు.

ఆ తోటలోనే, మొగలిపొదల నడుమ నీటిగుంటలో, అంతరించిపోతున్న చెట్టుకప్ప కూడా ఉందని నిపుణులు తేల్చడంతో చిక్కు వచ్చిపడింది. ఊరికి ఒక్క రక్షిత ప్రాణే మంజూరవుతుంది. దానితోపాటు తోటదాకా తారురోడ్డు. చినుకు పడితే జీడిపిక్కల ట్రాక్టరు ఇరుసుదాకా దిగబడే ఆ దారికి రోడ్డు రావాలన్నదే దాలయ్య చిరకాల వాంఛ.

కావున తులనాత్మక పరిశీలనా సంఘం ఏర్పడింది. దాలయ్యే అధ్యక్షుడు. పరిశీలన నిష్పక్షపాతంగా, రామూర్తి టీకొట్టులో, అభ్యర్థులిద్దరూ లేకుండానే సాగింది. కంఠానికి పిట్టకు పూర్తి మార్కులు పడ్డాయి. రంగు ఎవరికీ తెలియదు గనుక బంగారువర్ణమని ఏకగ్రీవంగా తీర్మానించారు. కప్పను అందరూ చూసి ఉన్నందున దానికి మార్కులు తగ్గాయి.

ఓడిన కప్పకు గుంటతో పని లేదు. పిట్ట సన్మానసభ నాటి ఉదయం ఆ గుంటను గ్రావెలుతో పూడ్చి, పైన షామియానా వేశారు. పక్కతోట నుంచి వదిన పైడమ్మ వచ్చి చూసింది.

"ఏటి మరిదీ, ఆ పిట్టని ఎప్పుడైనా సూసినావా?"

"పాడేదాన్ని సూడక్కర్లేదొదినా. ఇంటే సాలు."

"మరి పిల్లని సూడ్డానికి ఆరూళ్ళెందుకు తిరిగినావు?"

దాలయ్య కుర్చీలు సర్దడంలో నిమగ్నుడయ్యాడు.

సాయంత్రం, రోడ్డు మంజూరు చేయవలసిన పెద్దాయన విచ్చేశారు. కారు చివరి మలుపులో దిగబడినందున నడిచే వచ్చారు. "పిట్ట అంటే సంస్కృతి. కప్ప అంటే బురద" అని, ఎవరో బూట్లు తుడుస్తుండగా, మైకులో సెలవిచ్చి కూర్చున్నారు. ఆపై సభ యావత్తూ చెవులు రిక్కించింది. పొద్దు గుంకింది. పాట లేదు. పెద్దాయన గడియారం చూసుకున్నారు.

"కొత్త మనుషులు గదా బాబూ, సిగ్గు పడతంది," అన్నాడు దాలయ్య మైకు దగ్గర నిలబడి. తారురోడ్డు తన కళ్ళెదుటే బురదలోకి దిగబడిపోతున్నట్టనిపించింది అతనికి.

పెద్దాయన లేవబోయారు. అప్పుడు లౌడ్‌స్పీకర్లలోంచి, తోటంతా నిండేలా, పాట.

పెద్దాయన తిరిగి కూర్చుని కళ్ళు మూసుకున్నారు. సంగీతానికి అదే మర్యాద గనుక సభికులూ మూసుకున్నారు. "రోడ్డు మంజూరు" అన్నారాయన, కళ్ళు తెరవకుండానే.

దాలయ్య కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. మైకు కడ్డీ మీద, ఉదయమే ఇల్లు పోగొట్టుకున్న బొటనవేలంత ఆకుపచ్చ ప్రాణి ఒకటి, గొంతును బుడగలా ఉబ్బించుకుని కూర్చుంది. అతను పైడమ్మ వైపు చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది.

దాలయ్య కూడా మర్యాదగా కళ్ళు మూసుకున్నాడు.

పాడుతున్నది కప్ప.